సముద్రం లేని జిల్లాలో సీ స్లగ్ కొమ్ములు చదవడం ఎలా?

మిరుగం దాటి నాలుగు వానలు పడితే చాలు, నల్గొండ జిల్లాలో ఎడమ కాలువ కింద ఏ ఊళ్ళో చూసినా తడి గోడల మీద నత్తలు పాకుతుంటాయి. పోయినేడు అట్లాంటి ఒక రాత్రి మా చిన్నది ఫోన్ పట్టుకొచ్చి "నాన్నా, ఇది కుందేలా, నత్తా?" అని అడిగింది. చూస్తే తెల్లటి బొచ్చుముద్దలాంటి జీవి, నిక్కబొడుచుకున్న రెండు నల్ల చెవులు. జోరున్నా పార్వా అనే సీ స్లగ్, అంటే గుల్ల లేని సముద్రపు నత్త. "అవి చెవులు కావు బిడ్డా, ముక్కులు" అన్నాను. నమ్మలేదు.

నమ్మిద్దామంటే సముద్రం దగ్గర లేదాయె. కష్టపడి బాపట్ల సూర్యలంక దాకా పోయినా అక్కడ ఉన్నది ఇసుకే, ఇట్లాంటివి దాక్కునే రాళ్ళ గుంటలు కావాలంటే విశాఖ పోవాలి. కానీ మన గోడ మీద నత్త ఉంది, వరి మడిలో నత్తగుల్ల ఉంది, చెరువు నాచులో హైడ్రా ఉంది, ఆదివారం మార్కెట్లో రొయ్య ఉంది. ఈ నాలుగింటినీ ఇదే వరసలో చూసి, ఆ తర్వాత సీ స్లగ్ ఫోటో ముందు కూర్చుంటే అది చాలా వరకు మనకు తెలిసిన మనిషిలాగే కనబడుతుంది. మేము ఆ వానకాలమంతా చేసింది అదే. ఎట్లా చేశామో, ఎక్కడ తప్పులు చేశామో రాస్తున్నాను.

ముందు మాట గురించి ఒక మాట. పాఠ్యపుస్తకాల్లో ఈ కొమ్ములను "స్పర్శకాలు" అంటారు. పేరు వింటే అవి ముట్టుకోవడానికే ఉన్నాయనిపిస్తుంది. నా లెక్కలో ఈ పేరే పిల్లల్ని సగం దారి తప్పిస్తుంది. వాటిలో కొన్ని వాసన చూస్తాయి, కొన్ని రుచి చూస్తాయి, కొన్ని కళ్ళను మోస్తాయి, కొన్ని వేటాడతాయి. అందుకే కొమ్ము కనబడగానే పేరు వెతకొద్దు. అది ఎక్కడ మొలిచింది, ముట్టుకుంటే ఎట్లా దాక్కుంటుంది, దేని వైపు తిరుగుతుంది అని చూడండి. పేరు తర్వాత దానంతట అదే వస్తుంది.

సామాను

వెడల్పు మూతి గాజు సీసాలు రెండు, పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం (ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్ ఉంటే ఇంకా మంచిది), టార్చి, దాని మీద చుట్టడానికి ఎర్ర జిలెటిన్ కాగితం, దూది పుల్లలు, ఇంకు ఫిల్లర్, ఒక కోడి ఈక, రబ్బరు చేతి తొడుగులు. ఎర్ర కాగితం ఎందుకంటే నత్తలకు ఎర్ర వెలుగు అంతగా ఆనదు, తెల్ల టార్చి నేరుగా కొడితే మాత్రం ముడుచుకుంటాయి.

తొడుగుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఇళ్ళ చుట్టూ కనిపించే పిడికిలంత గోధుమ చారల నత్త ఆఫ్రికా నత్త. దాన్ని 1847లో విలియం బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చాడు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. దాని ఒంట్లో ఎలుకల ఊపిరితిత్తుల పురుగు పిల్లలు ఉండొచ్చు. అవి మనిషి కడుపులోకి పోతే మెదడు పొరల దాకా పోయి వాపు తెస్తాయి. కాబట్టి ఒట్టి చేత్తో పట్టొద్దు, పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలు మధ్యలో ఏమీ తినకూడదు. ఇంకోటి, సరదాకి ఉప్పు చల్లడం. అది ప్రయోగం కాదు, ఒంట్లో నీళ్ళు లాగి చంపడం.

మొదటి అడుగు: గోడ మీది నత్త

రాత్రి ఎనిమిది తర్వాత, వాన వెలిసిన గంటకు బయటికి రండి. ఒక నత్తను ఎంచుకుని ఐదు నిమిషాలు ఊరికే చూడండి. నాలుగు కొమ్ములు కనబడతాయి. పైన పొడుగ్గా రెండు, కింద నోటి దగ్గర పొట్టిగా రెండు. పైవాటి కొసన నల్ల చుక్క ఉంటుంది, అదే కన్ను. కన్ను అన్నానని మన మొహం చూస్తుందనుకోవద్దు. వెలుగు ఎటుంది, చీకటి ఎటుంది, ఏదైనా నీడ పడిందా, దాదాపు అంతవరకే. ఆ కొసలోనే వాసన పట్టే చర్మం కూడా ఉంటుంది. అంటే పై కొమ్ము కన్నూ ముక్కూ కలిసిన కర్ర. కింది రెండూ నేలను తడుముతూ పోతుంటాయి, రుచి వాటి పని.

ఇప్పుడు ఈక కొసతో ఒక పై కొమ్మును మెల్లగా తాకించండి. తొందరపడకుండా భూతద్దంలో చూడండి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా చూడదగ్గది ఇదే. కొమ్ము ముడుచుకోదు. లోపలికి తిరగబడుతుంది. సాక్సు లోపల చెయ్యిపెట్టి కొసను పట్టి లాగినట్టు, ముందు కన్నే లోపలికి జారుతుంది. పారదర్శకంగా ఉండే కొమ్ము గోడలోంచి ఆ నల్ల చుక్క పూసలా వెనక్కి పరుగెత్తడం కనబడుతుంది. బయటికి వచ్చేటప్పుడు వరస తిరగబడుతుంది, కొమ్మంతా విప్పుకున్నాక చివరికి కన్ను వస్తుంది. మా చిన్నది దీన్నే ఇరవై సార్లు చూసింది.

ఆ ఇరవై సార్లలోనే ఇంకో విషయం దొరికింది. మొదట తాకినప్పుడు కొమ్ము పూర్తిగా పోయింది. పది పన్నెండు సార్లు అయ్యేసరికి కొంచెమే వంగి ఊరుకుంది. "దీనికి బోర్ కొట్టింది" అంది. అలవాటు పడటం అంటే అదే. సీ హేర్ అనే సముద్రపు స్లగ్ మీద ఇట్లాంటి పనే ఏళ్ళ తరబడి చేసి, జ్ఞాపకం నరాల మధ్య ఎట్లా నిలుస్తుందో తేల్చినందుకు ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది. ఆయన తాకింది కొమ్మును కాదు, నీళ్ళు వదిలే గొట్టాన్ని. తాకగానే మొప్ప లోపలికి పోయేది, తాకగా తాకగా ఆ స్పందన తగ్గేది. ఆ జీవిని ఎంచుకోవడానికి కారణం దానికి ఉన్న నరాల కణాలు దాదాపు 20,000 మాత్రమే, పైగా కొన్ని కంటికి ఆనేంత పెద్దవి.

తర్వాత వాసన పరీక్ష. ఒక దూది పుల్లను దోసకాయ రసంలో, ఇంకోదాన్ని ఉత్త నీళ్ళలో ముంచండి. నత్తకు రెండు సెంటీమీటర్ల దూరంలో, ఒక పక్కగా పెట్టండి. తాకించొద్దు. ఉత్త నీళ్ళ పుల్ల తప్పకుండా ఉండాలి, లేకపోతే నత్త తిరిగింది దోసకాయ వాసనకా, పుల్ల కదిలినందుకా, తడికా తెలియదు. పుల్లలు ఎడమ కుడి మారుస్తూ కనీసం పదిసార్లు చేసి, ఏ కొమ్ము ముందు వంగిందో రాసుకోండి. మొదటిరోజు నేను నీళ్ళ పుల్ల లేకుండానే చేసి తెగ సంబరపడ్డాను. రెండోరోజు నీళ్ళ పుల్లకు కూడా అట్లాగే తిరిగింది! ఆ రోజు ఎండ కాసి గోడ ఆరిపోయి ఉంది, దానికి కావలసింది తడి.

రెండో అడుగు: మడిలోని నత్తగుల్ల

సీ స్లగ్‌కు దారి నీళ్ళలోంచే కాబట్టి ఇప్పుడు మడిలోకి దిగాలి. మందు కొట్టి వారం కూడా కాని పొలం వద్దు. తూము దగ్గర, గట్టు వెంబడి గడ్డిలో నత్తగుల్లలు దొరుకుతాయి. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్ళకు ఇది పాత చుట్టమే, పైలా గ్లోబోసా. రెండు చాలు. ఏ నీళ్ళలో దొరికితే ఆ నీళ్ళే బకెట్‌లో తెచ్చుకోండి. నేను మొదటిసారి బకెట్ వసారాలో పెట్టి భోజనానికి పోయాను. వచ్చేసరికి ఎండ బకెట్ మీదికి జరిగింది, నీళ్ళు వేడెక్కాయి, రెండూ గట్టి మూత బిగించుకుని సాయంత్రం దాకా తీయలేదు. ఎండాకాలంలో చెరువు ఎండితే బురదలో నెలల తరబడి అట్లాగే మూత వేసుకుని పడుకునే జాతి అది. మన టైమ్‌టేబుల్‌తో దానికి పనిలేదు.

సీసాను నీడలో, ఎవరూ నడవని చోట పెట్టి అరగంట ఆగండి. ముందు మూత కాస్త లేస్తుంది, దాని కింద నుంచి వెడల్పు పాదం వస్తుంది, ఆ తర్వాత తల. ఇక్కడ కూడా రెండు జతలు. నోటి పక్కన పొట్టివి, వెనక సన్నగా దారంలా ఊగే పొడుగువి. ఇప్పుడు కన్ను వెతకండి. పొడుగు కొమ్ము కొసన లేదు! మొదట్లో, వేరే చిన్న మొడిమె మీద ఉంది. ఈక తాకిస్తే కొమ్ము సాక్సులా తిరగబడదు, రబ్బరు బ్యాండులా కురచవుతుంది. చూడ్డానికి రెండూ నత్త కొమ్ములే, కానీ కన్ను ఉన్న చోటు వేరు, దాక్కునే పద్ధతి వేరు. ఈ రెండు తేడాలు నోటుబుక్కులో బొమ్మ వేసి పెట్టుకోండి, ముందు పనికొస్తాయి.

వాసన పరీక్షకు ఇక్కడ పుల్లలు కుదరవు. ఉడికించిన పాలకూర నీళ్ళను ఇంకు ఫిల్లర్‌తో సీసా అడుగున ఒక పక్క మెల్లగా వదలండి. పొడుగు కొమ్ములు ఊగే తీరు మారడం చూడొచ్చు. అయితే నీళ్ళను పరీక్షించే అసలు పరికరం బయటికి కనబడదు. గుల్ల లోపల, ఎడమవైపు, నీళ్ళు లోపలికి వచ్చే దారిలో ఆస్ఫ్రాడియం అనే చిన్న అవయవం ఉంటుంది. వచ్చే నీళ్ళు మంచివా, మురికివా అని అది చూస్తుంది, ఊరి పొలిమేరలో చెక్‌పోస్టులాగా. దీన్ని గుర్తుపెట్టుకోండి. సీ స్లగ్ కొమ్ముకు అంత పెద్ద ఉద్యోగం ఎందుకొచ్చిందో తెలిసేది దీనివల్లే.

పని అయ్యాక దొరికిన మడిలోనే వదిలేయండి.

మూడో అడుగు: హైడ్రా, రొయ్య

పానగల్లు ఉదయ సముద్రం లాంటి చెరువు అంచున, నీళ్ళు నిలిచిన చోట నాచు గుప్పెడు తెచ్చి గాజు సీసాలో వేసి కిటికీ దగ్గర రెండురోజులు కదపకుండా ఉంచండి. అదృష్టం ఉంటే అద్దానికి అతుక్కుని, సన్నటి దారం కొస చీలినట్టు హైడ్రా కనబడుతుంది. పొడవు సెంటీమీటరు లోపే. మాకు మూడో ప్రయత్నంలో దొరికింది. దాని చేతులు నత్త కొమ్ముల్లాంటివి కావు. వాటి నిండా కుట్టే కణాలు ఉంటాయి, తగిలిన నీటి పురుగును పట్టి నోట్లోకి తోస్తాయి. జెల్లీ ఫిష్, సీ అనిమోన్‌ల తోకల్లాంటి చేతులు ఇదే జాతివి, ఇది వాటి మంచినీటి చుట్టం.

రొయ్య కోసం మార్కెట్‌కు పోతే చాలు. తలకాయ తీయని రొయ్య ఒకటి అడిగి తీసుకోండి. ఒంటికంటే పొడుగ్గా ఉండే మీసాలు ముట్టుకుని తెలుసుకోవడానికి. వాటి పైన చీలికలుగా ఉండే చిన్న మీసాలు వాసనకు, బతికున్న రొయ్య వాటిని విదిలిస్తూ ఉంటుంది. ఆ చిన్న మీసం మొదట్లోనే స్టాటోసిస్టు ఉంటుంది, అంటే ఇసుక రేణువులున్న చిన్న సంచి. రేణువులు ఏ పక్క వెంట్రుకల మీద ఒరిగితే అటు కింద అని రొయ్యకు తెలుస్తుంది. 1893లో క్రైడ్ల్ అనే శాస్త్రవేత్త దీన్ని ఎంత తెలివిగా రుజువు చేశాడంటే, ఇప్పటికీ క్లాసులో చెబితే పిల్లలు నవ్వుతారు. కుబుసం విడిచినప్పుడు రొయ్య పాత రేణువులు పోగొట్టుకుని కొత్తవి పెట్టుకుంటుంది. ఆయన ఇసుక తీసేసి ఇనుప రజను పెట్టాడు. రొయ్య దాన్నే లోపల పెట్టుకుంది. తర్వాత పైన అయస్కాంతం పట్టుకుంటే, పైనే కింద అనుకుని రొయ్య వెల్లకిలా తిరిగింది. మన నత్తకూ, సీ స్లగ్‌కూ ఇట్లాంటి సంచులే ఒంటి లోపల ఉంటాయి, బయటికి కనబడవు.

నాలుగో అడుగు: సీ స్లగ్ ఫోటో చదవడం

ఇప్పుడు ఫోన్ తీయండి. నాలుగైదు రకాల సీ స్లగ్ ఫోటోలు ముందు పెట్టుకుని, ఈ వరసలో చూడండి.

ముందు తల ఎటుందో తేల్చుకోవాలి. నవ్వకండి, అందరూ తప్పేది ఇక్కడే. చాలా రకాలకు వీపు మీద వెనక భాగంలో పువ్వు విచ్చుకున్నట్టు ఒక కుచ్చు ఉంటుంది. దాన్ని కొమ్ముల గుంపు అనుకుని అదే తల అనుకుంటాం. అది మొప్ప. అది మలద్వారం చుట్టూ ఉంటుంది. రెండో కొసన విడివిడిగా నిలబడిన రెండే రెండు కొమ్ములు ఉంటే, అదీ తల.

ఆ రెండింటి పేరు రైనోఫోర్లు. గ్రీకులో ముక్కు మోసేవి అని అర్థం. మన నత్తగుల్లకు నీళ్ళ చెక్‌పోస్టు గుల్ల లోపల ఉందని చూశాం కదా. ఈ స్లగ్‌లు గుల్లను వదిలేశాయి, గుల్లతో పాటు దాని లోపలి గది కూడా పోయింది. కాబట్టి వాసన పట్టే పనంతా నెత్తి మీదికి, బయటికి వచ్చింది. నిటారుగా ఎందుకు నిలబడ్డాయంటే, నేలకు ఆనుకున్న నీళ్ళు దాదాపు కదలవు. ఏపుగా పెరిగిన వరిలో కూర్చుంటే గాలి తగలదు, లేచి నిలబడితే తగులుతుంది, అట్లాగే. కొమ్ము పైకెత్తితేనే దూరం నుంచి వచ్చే వాసన అందుతుంది. రెండు ఉండటం వల్ల ఏ పక్క ఎక్కువ వస్తోందో పోల్చుకోవచ్చు.

తర్వాత ఆ కొమ్ము ఆకారం. జూమ్ చేయండి. విస్తరాకుల కట్టను నిలబెట్టినట్టు పొరలు పొరలుగా ఉంటే డోరిడ్ రకం. పొరలు ఎంత ఎక్కువైతే నీళ్ళు తగిలే చోటు అంత ఎక్కువ. ఆ కొమ్ము మొదట్లో చర్మం అంచు గిన్నెలా ఉందేమో చూడండి. చాలా డోరిడ్లు ఈకంత తాకిడికే కొమ్మును ఆ జేబులోకి దించేస్తాయి. నున్నగానో, గాజుల్లాంటి రింగులతోనో ఉండి, వీపు నిండా వేళ్ళలాంటివి ఉంటే ఇయోలిడ్. దీనికి జేబు లేదు, మన నత్తగుల్లలాగా కురచ చేసుకోవడమే. పొట్లం చుట్టిన కాగితంలా ఒక పక్క తెరిచి ఉంటే సీ హేర్ గానీ, నాచు రసం పీల్చే ఆకుపచ్చ స్లగ్‌లు గానీ అయ్యుంటుంది. అసలు కొమ్ములే కనబడకుండా తల పారలా వెడల్పుగా ఉంటే, ఇసుకలో దూరే రకం. ఇసుకలోకి దూరేటప్పుడు కొమ్ములు అడ్డమే కదా, వాటి వాసన అవయవాలు తల పక్కన మడతల్లో ఉంటాయి.

అప్పుడు కిందికి చూడండి. నోటి పక్కన రెండో జత. ఇయోలిడ్లకు ఇవి పొడుగు, నేలను ఊడుస్తున్నట్టు ముందు పోతాయి. డోరిడ్లకు పొట్టిగా, అంచు కింద దాగి ఉంటాయి, పైనుంచి తీసిన ఫోటోలో కనబడవు. లేవని రాసుకోకండి. పైజత దూరపు వాసనకు, కింది జత తాకి రుచి చూడటానికి, మన గోడ మీది నత్త పంపకమే కాస్త మార్పుతో.

కళ్ళు? కొసన లేవు. సీ హేర్‌కు రైనోఫోర్ల ముందు, మొదట్లో చిన్న నల్ల చుక్కలు. ఇయోలిడ్లకు చర్మం కిందే ఉంటాయి. హెర్మిసెండా అనే ఇయోలిడ్ కంట్లో వెలుగును పట్టే కణాలు ఐదే ఐదు. బొమ్మ చూడటానికి ఐదు కణాలు సరిపోవు, పగలో నీడో తెలియడానికి చాలు.

చివరగా ఇయోలిడ్ వీపు మీది వేళ్ళు. వీటిని సెరాటా అంటారు. కొమ్ముల లెక్కలో వీటిని కలపొద్దు. ఊపిరికి పనికొస్తాయి, పేగు కొమ్మలు వీటిలోకి పోతాయి, కొసల్లో దొంగసొత్తు ఉంటుంది. ఇయోలిడ్ హైడ్రా చుట్టాలను తిని, వాటి కుట్టే సూదుల్లో పేలనివాటిని అరిగించుకోకుండా ఈ కొసల్లోకి చేర్చి, తన మీదికి వచ్చినవాళ్ళ మీద వాడుకుంటుంది. నీలి డ్రాగన్ అని ఫార్వర్డ్ అయ్యే గ్లాకస్ చేసే పని ఇదే. చచ్చి ఒడ్డున పడ్డా కుడుతుంది, కాబట్టి ఎప్పుడైనా కనబడితే ముట్టుకోవద్దు.

మిగతా సముద్రం తొందరగా

ఇదే చూపుతో ఇంకొన్ని. ఆక్టోపస్‌కు ఉన్నవి ఎనిమిది చేతులు, కచ్చితంగా చెప్పాలంటే స్పర్శకాలు లేవు. స్క్విడ్‌కు ఎనిమిది చేతులతో పాటు కొసన మాత్రమే చూషకాలున్న (అంటే అతుక్కుని పట్టుకునే గిన్నెల్లాంటివి) రెండు పొడుగు స్పర్శకాలు అదనం. ఆక్టోపస్ చూషకాలు తాకిన చోటే రుచి చూస్తాయి, నరాల కణాల్లో ఎక్కువ భాగం మెదడులో కాక చేతుల్లోనే ఉంటాయి. స్కాలప్ ఆల్చిప్ప అంచు వెంబడి కొమ్ముల మధ్య పదుల కొద్దీ కళ్ళు, ఒక్కో కంట్లో అద్దంలా వెలుగును తిప్పికొట్టే పొర. బాక్స్ జెల్లీ ఫిష్‌కు 24 కళ్ళు, మెదడు లేదు. కోన్ నత్త ముందుకు చాపే గొట్టాన్ని ఆడుకునే కొమ్మనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, దాని వేరే గొట్టంలో విషపు ఈటె ఉంటుంది.

విశాఖ పోయినప్పుడు

నల్గొండ, మిర్యాలగూడ మీదుగానే విశాఖ ఎక్స్‌ప్రెస్ పోతుంది. అమావాస్య, పున్నమి రోజులకు అటూ ఇటూ చూసుకుని టికెట్ తీసుకోండి, ఆటు బాగా లోతుకు దిగేది అప్పుడే. ఏ టైముకు దిగుతుందో ముందే చూసుకుని, దానికి గంట ముందే భీమిలి రోడ్డులో మంగమారిపేట లాంటి రాళ్ళ తీరానికి చేరాలి. జారని చెప్పులు వేసుకోండి, అలలకు వీపు తిప్పొద్దు. రాయి ఎత్తి చూస్తే మళ్ళీ అట్లాగే పెట్టండి. ఏదీ సంచీలో వేసుకోవద్దు, కొన్ని గవ్వలు, శంఖాలతో పాటు సముద్రదోసకాయలకు కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపుదల ఉంది.

ఫోటో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి. నీళ్ళ మీద ఆకాశం మెరుస్తుంటే గొడుగు అడ్డం పెట్టండి.

మాకు గంటన్నర వెతికితే దొరికింది ఒక్కటే, నాచు రంగులో కలిసిపోయిన అరచేయంత సీ హేర్. నేను ఫోన్ తీసేలోపే మా చిన్నది గుంట అంచున బోర్లా పడుకుని వేలితో గాలిలో లెక్కపెడుతోంది. "పైన పొట్లాలు రెండు, కింద రెండు. నాన్నా, కన్ను ఈ పక్క కనబడతలేదు, నువ్వు అటు నుంచి చూడు" అంది.